మూడు వేషాలు, ఒక ఇనుప మచ్చ

రెండేళ్ల క్రితం విజయవాడలో ఒక ఎగ్జిబిషన్‌లో 'ఒరిజినల్ కాళహస్తి కలంకారీ, చేత్తో వేసింది' అని చెప్పి నాకొక చున్నీ అంటగట్టారు. మూడున్నర వేలు పోసి కొన్నాను. పండక్కీ పబ్బానికీ అదే వేసుకున్నాను. మొన్న ఉగాదికి మా ఆఫీసులో ఇంకొకావిడ అదే చున్నీ వేసుకొచ్చింది. అలాంటిది కాదు, అదే. నా చున్నీలో నెమలి తోక పక్కన ఒక ఆకు కొన విరిగి ఉంటుంది. చేతిపని కదా, అలాగే ఉంటుందిలే అని మురిసిపోయేదాన్ని. ఆవిడ చున్నీలోనూ ఆ ఆకు సరిగ్గా అక్కడే విరిగింది.

తిరుపతిలో ఉన్న పిన్నికి ఫోన్ చేసి ఇదంతా చెప్పుకుంటే ఆవిడ నవ్వి, "కాళహస్తికి పోయి చూసుకో పాపా, పక్కనే కదా. ఎట్లా గంగజాతర వస్తా ఉండాది, అప్పుడు రా" అంది. మే నెల ఎండలో తిరుపతి ఏంటి అనుకుంటూనే టికెట్ తీశాను.

శుక్రవారం, తోటి వేషం

తిరుపతికి చాలాసార్లు వచ్చాను. వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో దిగి, బస్సెక్కి, కొండకి పోయి, దర్శనం చేసుకుని, లడ్డూల సంచితో మళ్లీ స్టేషన్‌కే. ఊరు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఈసారి ఆటో వాళ్లు 'కొండకా అమ్మా' అని చుట్టుముడుతుంటే 'ఊళ్లోకే' అన్నాను. ఒకాయన నన్ను వింతగా చూశాడు.

స్టేషన్ నుంచి గోవిందరాజస్వామి గుడికి నడిచే దూరమే. ఏడంతస్తుల గోపురం ముందు నుంచే కనిపిస్తుంది. 17వ శతాబ్దం మొదట్లో మట్ల అనంతరాజు కట్టించింది అది. గుడి అంతకంటే చాలా పాతది. 12వ శతాబ్దంలో రామానుజాచార్యులు స్వామిని ప్రతిష్ఠించారని చెబుతారు. ఆ గుడి చుట్టూ వీధులు, ఆ వీధుల చుట్టూ ఊరు పెరిగాయి. లోపల స్వామి తలకింద కుంచం పెట్టుకుని పడుకుని ఉంటాడు. తమ్ముడి పెళ్లి అప్పుకి వచ్చిన డబ్బు కొలిచి కొలిచి అలసిపోయాడట. ఈ కథ మా అమ్మ చెప్పేది. బ్యాంకులో పనిచేసే నాకు ఈ ఒక్క దేవుడి అలసట మాత్రం బాగా అర్థమవుతుంది.

పొద్దున ఆరున్నరకి గాంధీ రోడ్డులో సగం షట్టర్లు మూసే ఉన్నాయి. గుండ్ల మీద చందనం రాసుకున్న కుటుంబాలు వరుసగా నడుస్తున్నాయి. పూల బుట్టలు, పాల క్యాన్లు, ఒక మూల పొంగలి బండి. పొంగలి చేయడంలో ఈ ఊరివాళ్లు అరవ దేశం వాళ్లకేమీ తీసిపోరు. నెయ్యి, మిరియాలు దండిగా వేస్తారు. నెయ్యి ఎక్కువైందంటే బండాయన "కొండకి నడిచి పోతారు గదమ్మా, అరిగిపోతాది" అన్నాడు. నేను పోవట్లేదని చెప్పి ఆయన్ని బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

పిన్నివాళ్లిల్లు తాతయ్యగుంట గంగమ్మ గుడికి దగ్గర్లో. వీధి మొదట్లోనే ఒళ్లంతా నల్లగా బొగ్గుపొడి పూసుకుని, వేపమండలు చుట్టుకున్న పిల్లాడొకడు ఎదురయ్యాడు. వాడి వెనకాల అదే అవతారంలో వాళ్ల నాన్న. ఆయన మెడలో ఆఫీసు ఐడీ కార్డు ఉంది, తీయడం మర్చిపోయినట్టున్నాడు.

"తోటి వేషం ఈ పొద్దు" అంది పిన్ని. తోటి అంటే ఊరి పనులు చేసే సేవకుడు. పాలెగాడి కథ ఆవిడ నోట వినాలి. పూర్వం ఇక్కడొక పాలెగాడు ఆడపిల్లల్ని చెరిచేవాడు. గంగమ్మ మీదా కన్నేశాడు. ఆవిడ నిజరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని వెతకడానికి గంగమ్మ రోజుకో వేషం వేసింది. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. బుధవారం బైరాగి, గురువారం బండ, శుక్రవారం తోటి. శనివారం దొర వేషంలో వస్తే పాలెగాడు నిజంగా దొరే వచ్చాడనుకుని బయటికొస్తాడు. అంతే, తల తెగుతుంది. ఆదివారం మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది. నాకు ఈ చివరి ముక్క బాగా నచ్చింది. చంపినావిడే వెళ్లి ఓదార్చడం ఇంకే కథలోనూ విన్నట్టు లేదు. అమ్మవారి వేషాలు కట్టేది కైకాల వంశం వాళ్లు, తరతరాలుగా. మొక్కుకున్నవాళ్లంతా ఎవరికి వాళ్లు ఏ రోజు వేషం ఆ రోజు కడతారు.

"నిన్న బండ వేషం నాడు వచ్చింటే నిన్ను కూడా బూతులు తిట్టేవాళ్లు. తిట్టించుకుంటే మంచిది" అని పిన్ని నొచ్చుకుంది. బుధవారం ఒళ్లంతా తెల్లనామం, గురువారం ఎర్ర కుంకం, ఈరోజు నల్ల బొగ్గు.

మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిమిండి, పచ్చిపులుసు. ఊరిమిండి అంటే వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు కలిపి రోట్లో నూరింది. మేము పల్లీ చట్నీ అంటాం కానీ రెండూ ఒకటి కాదు. మిక్సీలో వేస్తే ఊరిమిండి కాదని పిన్ని వాదన, మిక్సీలోనే వేసి తెచ్చింది. వీధి చివర చలివేంద్రంలో వచ్చేపోయేవాళ్లకి అంబలి పోస్తున్నారు. తిన్నాక ఎండ తగ్గేదాకా కదిలితే ఒట్టు.

సాయంత్రం నాలుగుకాళ్ల మండపం దగ్గర నుంచి మొదలుపెట్టి తీర్థకట్ట వీధి, బండ్ల వీధి, మళ్లీ గాంధీ రోడ్డు తిరిగాం. ఇత్తడి దీపపు సెమ్మెలు, హారతి పళ్లేలు, పెరుమాళ్ల బొమ్మలు, శ్రీచూర్ణం పొట్లాలు. ఒక పాత కొట్టులో అద్దాల బీరువా అడుగున మరపాచి బొమ్మలు కనపడ్డాయి. ఎర్రచందనంతో చేసిన మొగుడూ పెళ్లాల జంట. వెనకట ఇక్కడికి వచ్చినవాళ్లు కొనుక్కుపోయి పెళ్లిళ్లలో ఇచ్చేవాళ్లు, బొమ్మల కొలువులో పెట్టేవాళ్లు. ఎర్రచందనం ఈ శేషాచలం, నల్లమల చుట్టుపక్కల కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. ఇప్పుడు ఆ కట్టె పేరెత్తితేనే పోలీసులు గుర్తొస్తారు. కొట్టాయన జంటని చేతిలో పెట్టి, "ఇది ఎర్రచందనం కాదమ్మా, రంగేసింది. అబద్ధం చెప్పను" అన్నాడు. రెండు కొట్లు దాటాక ఇంకొకతను చున్నీల కట్ట విప్పి "హ్యాండ్ పెయింటింగ్ మేడమ్, గ్యారంటీ" అన్నాడు. నేను ఆకుల కొనలు చూశాను. విరిగిన ఆకు లేదు. అంతకు మించి ఏం చూడాలో నాకు తెలియలేదు. కొనకుండా వచ్చేశాం.

శనివారం, దొర వేషం

కాళహస్తి బస్సు అడిగిన వెంటనే దొరుకుతుంది. నలభై కిలోమీటర్ల లోపే. రేణిగుంట దాటాక ఎండిన చెరువులు, ఏర్పేడు దగ్గర ఐఐటీ కొత్త భవనాలు, ఆ తర్వాత స్వర్ణముఖి. నదిలో ఇసుకే ఉంది, నీళ్లు లేవు.

నాతో వచ్చిన పిన్ని ముందు గుడికి అంది. రాహుకేతు పూజలకి వచ్చినవాళ్లతో క్యూ నిండిపోయింది. వాయులింగం, గర్భగుడిలో ఊగే దీపం, రెండు నిమిషాల్లో బయటికి తోసేశారు. నాకు గుర్తుండిపోయింది బయటి గోపురం. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. టీవీలో ఆ దుమ్ము మేఘాన్ని నేనూ చూశాను. ఆ చోటనే కట్టిన కొత్తదానికి 2017లో కుంభాభిషేకం చేశారు. బొమ్మలన్నీ పదునుగా, శుభ్రంగా ఉన్నాయి. నాకైతే చూపు ఆనలేదు. దానికీ ఓ ఐదొందల ఏళ్లు పట్టాలేమో.

కలంకారీ వీధులు గుడికి దూరమేమీ కాదు. పెద్ద కొట్ల బోర్డులన్నింటి మీదా కలంకారీ అనే ఉంటుంది కానీ పని జరిగేది సందుల్లోని ఇళ్లలో. పిన్నికి తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లాం. వసారాలో ఒక పెద్దాయన, కోడలు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నేల మీద కూర్చుని వేస్తున్నారు. బల్లలు లేవు. కింద దుప్పటి మడత, దాని మీద గుడ్డ, మోకాలు మడిచి ముందుకు వంగి పని. గదంతా పులిసిన బెల్లం వాసన, దాని కింద ఎక్కడో విరిగిన పాల వాసన.

సంచిలోంచి నా చున్నీ తీసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. తిరగేశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మడిచి ఇచ్చేశాడు.

"ప్రింటుమా ఇది. బాగానే ఉండాది, వేసుకో."

ఎలా తెలిసిందని అడిగితే మాటల్లో చెప్పలేదు. వెదురు పుల్ల తీశాడు. ఒక కొన చెక్కి ఉంది, దానికి కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించారు. అదే కలం. ఆ ఉన్నిని కసిం అనే నీళ్లలో ముంచి, వేళ్లతో చిన్నగా నొక్కుతూ ఏనుగు వీపు గీత లాగాడు. గీత మొదలైన చోట లావు, మధ్యలో సన్నం, తొండం దగ్గర మళ్లీ లావు. వేసేటప్పుడు ఆ రంగు పల్చటి టీ నీళ్లలా ఉంది. నేను చూస్తుండగానే నల్లబడింది.

కసిం అంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టింది. కసిం ఒక్కటే అయితే అంత నల్లగా రాదు. గుడ్డని ముందే కరక్కాయ రసం కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండేస్తారు. కరక్కాయ వగరుకి ఇనుము తగిలితే నలుపవుతుంది. పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. అందుకే గీత అంత కచ్చితంగా నిలబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత మంజిష్ఠ, చవలకొడి లాంటి రంగు మొక్కలు వేసి ఉడకబెడతారు. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. పసుపుకి కరక్కాయ పూలు, నీలానికి నీలిమందు, ఆకుపచ్చ కావాలంటే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి. ప్రతి దశ మధ్యలో ఉతకాలి, పారే నీళ్లలో ఉతకాలి. ఈ పని ఇక్కడ నిలబడింది స్వర్ణముఖి వల్లే.

"ఏట్లో నీళ్లు యాడుండాయి? మోటరు నీళ్లతోనే" అంది కోడలు తలెత్తకుండా.

మచిలీపట్నం, పెడన వైపు కలంకారీ అంటే చెక్క అచ్చులతో అద్దేది. ఇక్కడ కలంతో గీసేది. గుళ్లలో దేవుడి వెనక కట్టడానికి రామాయణ, భారత కథల్ని గళ్లు గళ్లుగా వేసి, ప్రతి గడి పైనా తెలుగులో రెండు ముక్కలు రాసేవాళ్లు. ఒక దశలో ఈ విద్య తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారట. చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోవడంతో 1950ల చివర్లో ఇక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టారు, అక్కడ నేర్చుకున్నవాళ్లే మళ్లీ వీధి నింపారు. ఈ ఊరి జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. నాకు చున్నీ అమ్మినవాళ్లకి మాత్రం అవేమీ అడ్డం రాలేదు.

అన్నానికి బయటికెళ్లి ఒక చిన్న మెస్‌లో అరిటాకు భోజనం చేశాం. సాంబారు తీపిగా ఉంది, గోంగూర బాగుంది. తిరిగొచ్చేసరికి ఆకాశం పడమటి వైపు ఇటుక రంగులోకి తిరిగింది. మే నెల గాలివాన ఎలా వస్తుందో తెలుసుగా, ముందు దుమ్ము, తర్వాత పెద్ద పెద్ద చినుకులు. పెరట్లో ఎండేసిన గుడ్డలు దండేల మీద నుంచి లేచి కొట్టుకుంటున్నాయి. ఇంటిల్లిపాదీ పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను, సాయం చేద్దామని. గజం ముక్కొకటి గాలికి నా మీదకే వచ్చింది. పట్టుకుని, చేతులు ఖాళీ లేక పక్కనున్న గేటు మీద వేసి ఇంకోదాని కోసం వెళ్లాను.

పాత ఇనుప గేటు అది.

రెండు నిమిషాల తర్వాత తీసి చూస్తే, గేటు కడ్డీ తడిగా తగిలిన చోట రూపాయి బిళ్లంత నల్ల మచ్చ. అప్పటికి గంట కింద నేను నోరు తెరుచుకుని విన్నదే. కరక్కాయ గుడ్డ, తుప్పు, నీళ్లు. పైగా అది ఉత్త గుడ్డ కాదు, కన్నప్ప కథ నల్లగీతల్లో పూర్తయి, రంగులకి సిద్ధంగా ఉన్నది. శివలింగం మీద కాలి బొటనవేలు ఆనించి, రెండో కన్ను పెకలించుకోబోతున్న తిన్నడు. మచ్చ అతని వెనక ఆకాశంలో పడింది.

నాకు ఏడుపొచ్చింది. కోడలు గుడ్డని వెలుగుకి పట్టి చూసి, ఉతికినా పోదని మామగారి వైపు తిరిగింది. ఆయన ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది. నేను కొంటానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"చెడిపోయినదాన్ని అమ్మితే మా చేతికే పేరు పోతాది మా."

పిన్ని రంగంలోకి దిగింది. పిల్ల తెలియక చేసింది, ఇంట్లో పెట్టుకుంటుందే కానీ ఎవరికీ చూపించదు అని చెప్పి పావుగంట బతిమాలింది. చివరికి గుడ్డకీ, గీతకీ తొమ్మిదొందలు తీసుకున్నారు. రంగులు వేయలేదు కాబట్టి వాటికి తీసుకోనన్నారు. ఆ మచ్చని చెట్టుగానో మబ్బుగానో మార్చి ఇవ్వొచ్చు కదా అని పిన్ని అడిగింది. "కన్నప్ప వెనకాల చెట్టు అక్కడ లేదు" అన్నాడాయన.

తిరుగు బస్సు రేణిగుంట దాటాక ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. తిరుపతిలో దిగేసరికి చీకటి పడింది, వీధులు జనంతో కిక్కిరిసి ఉన్నాయి. డప్పుల మధ్యలో దొర వేషం నడిచి వస్తోంది. మగవాడు అమ్మవారయ్యాడు, ఆ అమ్మవారు మళ్లీ మగ దొర వేషం వేసింది. చూస్తున్నకొద్దీ ఆ లెక్క తలకెక్కడం మానేసింది. ఇళ్ల ముందు ఆడవాళ్లు హారతులు పట్టారు. పిన్ని చెప్పులు విడిచి బురదలోనే నిలబడి దణ్ణం పెట్టింది. నేను సంచిని గుండెకి పట్టుకుని నిలబడ్డాను, మళ్లీ ఏ ఇనుప ముక్కకో తగులుతుందని.

ఆదివారం, మాతంగి వేషం

పొద్దున్నే మాధవమాల. ఏర్పేడు వైపు ఉన్న పల్లె, కొయ్య బొమ్మలకి పేరు. నిన్నటి దారే కావడంతో పిన్ని రానంది, బాబాయి స్కూటర్ మీద తీసుకెళ్లాడు. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఉలి చప్పుడు. ఇంటి ముందు పందిళ్ల కింద వేంకటేశ్వరస్వాములు, దశావతారాల పలకలు, గుళ్ల వాహనాలు. రంగు వేయని ఒక గరుడ వాహనం రెక్కలు విడిగా, ముక్కు విడిగా గోడకి ఆనించి ఉంది. పెద్ద కోతలకి మిషన్లు వచ్చాయి. కళ్లూ పెదవులూ మాత్రం ఇప్పటికీ చిన్న ఉలితోనే చెక్కుతున్నారు. నిన్నటి దెబ్బకి నేను దేన్నీ ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను. ఒకాయన నవ్వి "పట్టుకో మా, కొయ్యే గదా" అన్నాడు. గంటలో బయటపడ్డాం. ఇక్కడికి ఒక రోజంతా పెట్టుకుని రావాల్సింది.

దారిలో బాబాయి రోడ్డు పక్క మామిడి తోట దగ్గర ఆగి ఒక బుట్ట బేనీషాలు బేరం చేశాడు. మేము బంగినపల్లి అనేదాన్నే వీళ్లు బేనీషా అంటారు. బెంగుళూరా కాయ ఇంకా పచ్చిగానే ఉంది, అది జ్యూస్ ఫ్యాక్టరీలకి పోతుందని చెప్పాడు.

మధ్యాహ్నానికి తాతయ్యగుంట వీధుల నిండా చీరలు కట్టిన మగవాళ్లు. మీసాలున్న మాతంగులు, మల్లెపూలు, గాజులు, సవరాలు. శుక్రవారం బొగ్గు పూసుకున్న ఆ పిల్లాడు ఈరోజు పట్టుపావడాలో ఉన్నాడు. వాళ్ల నాన్న ఆకుపచ్చ చీరలో కుచ్చిళ్లు జారిపోతుంటే గోడ వారగా నిలబడి అవస్థ పడుతున్నాడు. పిన్ని వెళ్లి, ఎవరో ఏమిటో అడక్కుండా, కుచ్చిళ్లు సరిచేసి పిన్నీసు పెట్టి వచ్చింది. మంగళవారం అసలు జాతర, బుధవారం తెల్లవారుజామున విశ్వరూపం, అంటే మట్టితో చేసిన అమ్మవారి పెద్ద రూపం. ఆ మట్టి ఇంటికి తెచ్చి దాచుకుంటారు. నాకు సెలవు లేదు. మట్టి దాచి పంపుతానని పిన్ని మాటిచ్చింది.

రాత్రి బండికి సర్దుకుంటూ కన్నప్ప గుడ్డని మంచం మీద పరిచాను. బాబాయి చాలాసేపు చూశాడు. వెనక్కి తిప్పితే గీతంతా వెనక కూడా దిగి ఉంది, మచ్చ కూడా. ఆకుల కొనలు చూశాను. ఏ రెండూ ఒకలా లేవు, ఒకటైతే మధ్యలో కలం తడారిపోయి మళ్లీ ముంచి గీసినట్టు స్పష్టంగా తెలుస్తోంది. పాల వాసన ఇంకా వస్తోంది.

"మచ్చపడిన గుడ్డకి తొమ్మిదొందలు" అని బాబాయి గొణిగాడు.

పిన్ని అప్పటికే నా పాత చున్నీ నేల మీద పరిచి, బేనీషాలు అందులో పోసి, నాలుగు కొసలూ కలిపి గట్టిగా మూట కట్టేసింది.